లూసర్న్ మడిలో పసుపు పూలు: ఇవి లూసర్నేనా, వేరే మొక్కలా?

టంగుటూరు పాడి | జనవరి 9

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు పక్కన పల్లె. ఆరు బర్రెలు, రెండు ఆవులు ఉన్నాయి. అక్టోబరు ఆఖర్లో బోరు కింద పదిహేను సెంట్లు దున్ని మేతకని లూసర్న్ వేశాను. విత్తనం కిలోన్నర పట్టింది. సీలు వేసిన ప్యాకెట్ కాదు, దుకాణంలో గోతంలోంచి తూచి ఇచ్చింది.

మొన్న మొదటి కోతకని కొడవలి పట్టుకుని దిగితే మడిలో మూడు రకాలు కనిపించాయి. మూడింటికీ ఆకు ఒకేలా ఉంది, మూడేసి ఆకులు. ఒకటి నిటారుగా మోకాలెత్తు ఉంది. గట్టు పక్కన రెండు మూడు మొక్కలకే పూత వచ్చింది, ఊదారంగు. ఇది లూసర్న్ అనుకుంటున్నా. రెండోది నేల మీద పాకుతోంది. చిన్న పసుపు పూలు, ఒక్కో కాడకు మూడో నాలుగో. మూడోది మిగతా వాటికంటే జానెడు ఎత్తు. దీనివీ పసుపు పూలే గాని ఆవగింజంత ఉన్నాయి, కంకిలాగా వరసన పొడుగ్గా. కోసి నీడన పడేస్తే సాయంత్రానికి తియ్యటి వాసన వచ్చింది.

లూసర్న్‌లోనే పసుపు పూల రకం ఒకటి ఉందని నెట్‌లో చదివాను. అదేనా ఇది? గొడ్లకు వేయొచ్చా? రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్. ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి.

కోవూరు మాగాణి | జనవరి 9

అన్నా, రెండోది పులిచింత. మా గట్ల మీద బోలెడు. నమిలి చూడు, పుల్లగా ఉంటే అదే.

టంగుటూరు పాడి | జనవరి 9

నమిలాను అన్నా. పులుపు లేదు. పచ్చి పెసరకాయ నమిలినట్టుంది.

కోవూరు మాగాణి | జనవరి 9

అయితే పిల్లిపెసర అయ్యుంటుంది. దానికీ పసుపు పువ్వే.

నెల్లూరు మిద్దెతోట | జనవరి 10

పులిచింత కాదండీ. పులిచింత ఆకు చివర నొక్కేసి గుండె ఆకారంలో ఉంటుంది, పువ్వు ఐదు రేకులతో చిన్న గిన్నెలా విచ్చుకుంటుంది. ఫొటోలో ఉన్నది చిక్కుడు పువ్వులాంటి పువ్వు. పిల్లిపెసర ఆకైతే ఒక్కొక్కటీ మళ్లీ మూడు పాయలుగా నొక్కి ఉంటుంది, కాయ సన్నగా నిటారుగా పెసరకాయలా వస్తుంది. ఇది అదీ కాదు.

నాకైతే మూడూ మెంతికూరలాగే ఉన్నాయి. నిన్న మా మిద్దె మీద మెంతి కుండీ పక్కన ఫోను పెట్టుకుని పోల్చి చూశాను. ఆకు అంచు, మధ్య ఆకుకు ఉన్న చిన్న కాడ, అన్నీ ఒకటే. మెంతులు కలిసిపోయాయేమో?

ఒంగోలు బోటనీ | జనవరి 10

అమ్మా, మీరు మెంతి దాకా వెళ్లారంటే కన్ను సరిగ్గానే పట్టింది. మెంతి, లూసర్న్, ఆ తియ్యటి వాసన మొక్క, అన్నీ ఒకే తెగవి. చిక్కుడు కుటుంబంలోనే దగ్గరి దాయాదులు. అందుకే ఆకు చూసి మోసపోతాం. ముప్ఫై ఏళ్లు డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. ఈ తెగ మొక్కల్ని ఆకుతో తేల్చేద్దామని తొందరపడిన వాళ్లందరూ తప్పే రాశారు.

టంగుటూరు బాబూ, నాలుగు సంగతులు చూసి చెప్పు.

ఒకటి, మూడు ఆకుల్లో మధ్య దానికి మిగతా రెండింటికంటే పొడుగు కాడ ఉందా? లూసర్న్‌కు, మెంతికి, వాసన మొక్కకు ఉంటుంది. ఉత్తరాదిన పశువులకు వేసే బర్సీమ్‌కు ఉండదు, మూడూ ఒకేచోట అతుక్కుని ఉంటాయి. ఇది చూస్తే బర్సీమ్ పక్కకు పోతుంది. పైగా దానికి తెల్లటి బంతిలాంటి పూగుత్తి.

రెండు, ఆకుల అంచున రంపపు పళ్లు ఎక్కడినుంచి మొదలవుతున్నాయి? లూసర్న్‌కు చివరి మూడో వంతులోనే ఉంటాయి, కింది భాగం నున్నగా ఉంటుంది. వాసన మొక్కకు అంచు పొడవునా దిగివస్తాయి.

మూడు, ఇదే ముఖ్యం. ఆకుకాడ కాండానికి అతికే చోట రెండు వైపులా చిన్న రెక్కలుంటాయి. పత్రపుచ్ఛాలు అంటాం. వేలితో కాడను వెనక్కి వంచి, వెలుతురుకు పట్టి చూడు.

నాలుగు, కాయ. ఇంకా రాకపోతే ఆగు. కాయ చూడకుండా నేను పేరు చెప్పను.

టంగుటూరు పాడి | జనవరి 10

మాస్టారూ, చూశాను. మధ్య ఆకుకు కాడ మూడింటికీ ఉంది. రెక్కల దగ్గర తేడా తెలిసింది. లూసర్న్ అనుకున్న దానికి ఈటె మొనలాగా సన్నగా ఉన్నాయి, అంచు దాదాపు నున్నగా ఉంది. నేల మీద పాకేదానికి మాత్రం రెక్క అంచు దువ్వెన పళ్లలా చీలిపోయి ఉంది. మా అమ్మాయి ఫోను లైటు వెనక పెట్టి ఫొటో తీసింది, పెడుతున్నా. వాసన మొక్కకు రెక్కలు ముల్లంత సన్నం.

ఇన్నేళ్లు గడ్డి కోస్తున్నా, ఆకుకాడ మొదట్లో ఇంత పని ఉంటుందని ఎప్పుడూ చూడలేదు.

ఒంగోలు బోటనీ | జనవరి 10

ఆ దువ్వెన పళ్ల ఫొటో చాలా బాగా వచ్చింది, అమ్మాయికి నా తరఫున చెప్పు. పాకే మొక్క మెడికాగో పాలీమార్ఫా అనిపిస్తోంది. పాత పుస్తకాల్లో మెడికాగో డెంటిక్యులేటా అని రాశారు. లూసర్న్ కూడా మెడికాగోనే, మెడికాగో సటైవా. అంటే ఆ రెండూ ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), జాతులు వేరు. మూడోది మెలిలోటస్ అయ్యుండాలి, అది ప్రజాతే వేరు. ఉత్తరాదిన గోధుమ చేలల్లో ఈ రెండూ కలుపు మొక్కలుగా పేరుపడ్డవే. విత్తనంతో కలిసి వచ్చి ఉంటాయి.

నువ్వు నెట్‌లో చదివిన పసుపు పూల లూసర్న్ నిజంగా ఉంది. దాని పేరు మెడికాగో ఫాల్కేటా. లాటిన్‌లో ఫాల్క్స్ అంటే కొడవలి. కాయ చుట్టలు తిరగకుండా కొడవలిలా వంగి ఉంటుంది కాబట్టి ఆ పేరు. కాకపోతే అది చలిదేశపు మొక్క, మన దేశంలో లద్దాఖ్ వైపు పెరుగుతుంది. ఊదా లూసర్న్‌తో కలిస్తే సంకరం పుడుతుంది, దాని పూలు ఊదా, పచ్చ, పసుపు, ఒక్కోసారి ఒకే గుత్తిలో అన్నీ కనిపిస్తాయి. నీ మడిలో పాకేది ఏడాది మొక్క. వేరు పైపైనే ఉంటుంది, పీకితే చేతికి వచ్చేస్తుంది. లూసర్న్ పీకి చూడు, రాదు. దాని తల్లివేరు రెండు మూడు మీటర్లు సులువుగా దిగుతుంది.

ఉదయగిరి జీవాలు | జనవరి 11

మా వైపు లూసర్న్ అంటే హెడ్జ్ లూసర్న్ అని చెట్టులాగా పెరిగేదే. దశరథ గడ్డి అంటారు. ఆకు తుమ్మాకులా సన్నగా ఉంటుంది. అదీ ఇదీ ఒకటి కాదా మాస్టారూ?

ఒంగోలు బోటనీ | జనవరి 11

కాదు. దాని పేరు డెస్మాంథస్, తుమ్మ, సుబాబుల్ వైపు చుట్టం. మేతకు పనికొస్తుంది గనక లూసర్న్ పేరు తగిలించారు. పేరు పట్టుకుని పోతే ఇలాగే దారి తప్పుతాం. మన ఒంగోలు జాతి ఆవునే చూడు, బ్రెజిల్ వాళ్లు దాన్ని నెలోర్ అంటారు. జాతి అదే, మనం ఒంగోలు పేరు పెట్టుకుంటే వాళ్లు నెల్లూరు పేరు పెట్టుకున్నారు.

ఉదయగిరి జీవాలు | జనవరి 11

పాకే మొక్క కాయకు ముళ్లుంటాయని ఎక్కడో చదివాను. గొర్రెలకు పట్టుకుంటుందా? మాకు పల్లేరు, మరులమాతంగి చాలు, ఇంకోటి వద్దు.

ఒంగోలు బోటనీ | జనవరి 11

ముళ్లుంటాయి. ఒక్కో ముల్లు చివర గాలంలా కొక్కెం. ఆస్ట్రేలియాలో మేతకని ఈ మొక్కల్ని పెంచుతారు గాని, కాయలు గొర్రె ఉన్నిలో ఇరుక్కుని ఉన్ని ధర పడిపోతుందని బాధపడతారు. అందుకే ముళ్లులేని రకాలు తయారుచేసుకున్నారు. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకే. అందులో జోడిపి, పల్ల, దొర, ఏ రకమైనా అంతే. అందుకని మీకు ఆ నష్టం తక్కువ. అయినా కాయ రాలనిచ్చారంటే వదలదు. గింజ తోలు గట్టిది, కొన్ని గింజలు నేలలో ఏళ్ల తరబడి అలాగే ఉండి ఎప్పుడో మొలుస్తాయి.

కోవూరు మాగాణి | జనవరి 12

మాస్టారూ, తొందరపడి పులిచింత అని రాసేశాను, తప్పయింది. ఇంకో సంగతి అడగాలి. నిరుడు వేరుశనగ తీసిన చేలో నేనూ పది సెంట్లు లూసర్న్ వేశాను. అదీ పప్పుజాతే, ఇదీ పప్పుజాతే, నేల తయారుగా ఉంటుందనుకున్నా. నెల తిరిగేసరికి ఆకు పసుపెక్కి గిడసబారింది. ఎందుకలా?

ఒంగోలు బోటనీ | జనవరి 12

తప్పేం లేదు నాయనా, నువ్వు రాయబట్టే మాట ఇంత దూరం వచ్చింది.

చౌడు గాని, నీరు నిలవడం గాని లేకపోతే కారణం బ్యాక్టీరియా అయ్యుండొచ్చు. పప్పుజాతి వేర్ల బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా అన్ని పంటలకూ ఒకటి కాదు. వేరుశనగకు పనిచేసేది లూసర్న్‌కు పనిచేయదు. లూసర్న్‌కు కావలసినది సైనోరైజోబియం మెలిలోటి. అది మెడికాగోకు, మెలిలోటస్‌కు, మెంతికి, మూడింటికీ సరిపోతుంది. ఈ మూడూ దాయాదులని నేలలో ఉన్న బ్యాక్టీరియాకు కూడా తెలుసు.

విత్తనానికి ఆ బ్యాక్టీరియా ఉండే లూసర్న్ రైజోబియం కల్చర్ పట్టించి వేయాలి. అది దొరక్కపోతే, బాగా మెంతికూర పండిన మడిలో మట్టి తెచ్చి చల్లినా కొంత మేలు. మొక్కను తవ్వి బుడిపె గిల్లి చూడు. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టు, తెల్లగా ఉంటే జరగనట్టు.

కావలి నుంచి | జనవరి 12

నాకు పొలం లేదు, చదువుతున్నానంతే. అల్ఫాల్ఫా టానిక్ అని హోమియో షాపుల్లో అమ్ముతారు కదా, నీరసానికి. ఆ అల్ఫాల్ఫా, మీరు చెప్పే లూసర్న్ ఒకటేనా?

నెల్లూరు మిద్దెతోట | జనవరి 12

ఒకటేనండీ. అమెరికాలో అల్ఫాల్ఫా, ఇంగ్లండులో లూసర్న్. మా పెద్దమ్మ వాళ్లు తమిళనాడులో పాడి పెట్టుకుని ఉండేవారు. అక్కడ దాన్ని కుదిరై మసాల్ అంటారు. కుదిరై అంటే గుర్రం.

ఒంగోలు బోటనీ | జనవరి 12

అమ్మా, మంచి మాట అందించారు. అల్ఫాల్ఫా అన్నది అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బులు పారశీకుల నుంచి తీసుకున్న మాట అది, పారశీకంలో దాని అర్థం గుర్రపు మేత. అక్కడా గుర్రమే, మన పక్కన తమిళంలోనూ గుర్రమే. మెడికాగో అన్న పేరుకు మందుతో సంబంధం లేదు. మీడియా అనే పాత పారశీక ప్రాంతం నుంచి గ్రీసుకు వచ్చిన గడ్డి కాబట్టి గ్రీకులు మీడియా గడ్డి అన్నారు. పారశీక యుద్ధాల నాడు వచ్చిందని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు.

పశువైద్యం | జనవరి 13

నేను పశువుల డాక్టర్ని. ఈ చర్చ ఇవాళే చూశాను. పేర్లు మాస్టారు తేలుస్తారు, మేత సంగతి నేను చెప్తాను. టంగుటూరు తమ్ముడూ, ముందు మడిలో మూడో మొక్క, అదే తియ్యటి వాసనది, దాన్ని ఎండబెట్టి నిల్వ చేయకు. ఎందుకో వివరంగా రాస్తున్నా, ఇది అందరూ తెలుసుకోవాల్సింది.

ఆ వాసన కౌమరిన్ అనే పదార్థానిది. పచ్చిమేతలో కొంచెం కలిసినంత మాత్రాన ప్రాణం మీదికి రాదు. చేదుకు బర్రె తినదు, తింటే పాలకు వాసన పట్టొచ్చు. ప్రమాదం ఎక్కడంటే, కోసి సరిగా ఆరకుండా వామి వేస్తే లోపల బూజు పడుతుంది. ఆ బూజు కౌమరిన్‌ను డైకౌమరాల్‌గా మారుస్తుంది. అది తిన్న పశువుకు రక్తం గడ్డకట్టదు. పైకి ఏమీ తెలియదు, వారాలు గడుస్తాయి. ఎప్పుడో ఈనినప్పుడో, కొమ్ము తీసినప్పుడో, ఏదైనా గుద్దుకున్నప్పుడో కారడం మొదలై ఆగదు.

1920ల్లో అమెరికా, కెనడాల్లో పశువులు ఇలాగే చచ్చిపోయాయి. కెనడాలో స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు బూజుపట్టిన మెలిలోటస్ మేతే కారణమని పట్టుకున్నాడు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్‌లో ఒక రైతు చచ్చిన పెయ్యను, పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్ని, పాడైన గడ్డిని బండికెత్తుకుని మంచుతుపానులోనే యూనివర్సిటీకి పోయాడు. అక్కడ కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త ల్యాబ్ తలుపు తట్టాడు. లింక్ బృందం కొన్నేళ్లు కష్టపడి ఆ గడ్డిలోంచి డైకౌమరాల్‌ను వేరుచేసింది. తర్వాత అదే కోవలో చేసిన మందు వార్ఫారిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చింది, 1954 నుంచి మనుషులకు రక్తం పలచబడే మందుగా వాడుతున్నారు. క్యానులో రక్తం మోసుకుపోయిన ఆ రైతు నాకు ఎప్పుడూ గుర్తుకొస్తాడు. మా దగ్గరికి వచ్చేవాళ్లూ అంతే, చేతిలో ఉన్నదంతా పట్టుకొస్తారు, మేం చూడాలంతే.

కావలి నుంచి | జనవరి 13

డాక్టరు గారూ, మా నాన్న గుండె వాల్వ్ ఆపరేషన్ అయినప్పటి నుంచి వార్ఫారిన్ వేసుకుంటున్నారు. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ టెస్ట్ నెలనెలా చేయిస్తాం. ఆ మాత్ర గడ్డిలోంచి పుట్టిందని ఇవాళే తెలిసింది. ఆయన కోసమే ఆ టానిక్ గురించి అడిగాను.

పశువైద్యం | జనవరి 13

అయితే ఆగండి. మీ నాన్నగారి గుండె డాక్టర్ని అడక్కుండా టానిక్ ఇవ్వొద్దు. లూసర్న్ ఆకులో విటమిన్ కె బాగా ఉంటుంది. 1939లో విటమిన్ కె1ను మొదట వేరుచేసింది లూసర్న్ నుంచే. వార్ఫారిన్ రక్తం గడ్డకట్టకుండా ఆపితే, విటమిన్ కె గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. ఒకదానికొకటి ఎదురు. మేమూ డైకౌమరాల్ తిన్న పశువుకు విటమిన్ కె1 ఇంజెక్షనే చేస్తాం. టానిక్ సీసాలో ఎంత ఉంటుందో నేను చెప్పలేను, అది మీ డాక్టరు చూసి చెప్పాల్సిన మాట.

కావలి నుంచి | జనవరి 13

కొనలేదండీ. వచ్చే వారం చెకప్‌కు వెళ్తున్నాం, అడుగుతాను. మీకు చాలా థ్యాంక్స్.

టంగుటూరు పాడి | జనవరి 14

డాక్టరు గారూ, మీరు రాసింది చదివి పొద్దున్నే కళ్లం దగ్గరికి పరిగెత్తా. మొన్న కోసింది కొంచెం ఆరబెట్టి ఉంది. బూజు లేదు గాని అంతా తీసి ఎరువు గుంటలో వేశాను. పండగ పూట ఇంట్లోవాళ్లు ఏంది ఈ పని అన్నారు, సంగతి చెప్పాక వాళ్లూ వచ్చి వాసన మొక్కలు ఏరారు. నలుగురం కలిసి గంటన్నరలో రెండు మోపులు పీకాం.

అసలు లూసర్న్ ఎంత వేయొచ్చో కూడా చెప్పండి. ఉబ్బరం వస్తుందంటారు కదా.

పశువైద్యం | జనవరి 14

వస్తుంది. పచ్చి లూసర్న్, మెడికాగో పాలీమార్ఫా, రెండింటికీ ఆ గుణం ఉంది. పొట్టలో నురగ కట్టి గాలి బయటికి రాదు. మంచు తడితో ఉన్న లేత మేతను ఆకలి మీద ఉన్న పశువుకు వేయడమే తప్పు. ముందు వరిగడ్డో చొప్పో పెట్టు, ఆ తర్వాత కోసి వాడబెట్టిన లూసర్న్ కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యి. పచ్చిమేత అంతా లూసర్నే కాకుండా నేపియర్ గడ్డితో కలిపి నరికి వెయ్యి. ఎడమ డొక్క ఉబ్బితే వెంటనే డాక్టర్ని పిలువు. పడుకున్న పశువుకు నూనె పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఉదయగిరి జీవాలు | జనవరి 15

ఇంకోటి చూసుకో తమ్ముడూ, లూసర్న్ విత్తనంలో బంగారు తీగ గింజ కలిసి వస్తుంది. మీ వైపు మినుములో చూసే ఉంటావు, పసుపు నూలు పోగుల్లా అల్లుకుని పంటను పీల్చేస్తుంది.

ఒంగోలు బోటనీ | జనవరి 15

బాగా గుర్తుచేశారు. సర్టిఫైడ్ లూసర్న్ విత్తనంలో ముఖ్యంగా వెతికేది దాన్నే. బంగారు తీగ గింజ లూసర్న్ గింజకంటే చిన్నది, సన్న జల్లెడలో చాలావరకు దిగిపోతుంది. దాని తోలు గరుకు. విదేశాల్లో విత్తనం శుద్ధి చేసేచోట ఇనుప పొడి కలుపుతారు. గరుకు గింజకు పొడి అంటుకుంటుంది, నున్నటి లూసర్న్‌కు అంటదు. అప్పుడు అయస్కాంతపు రోలర్ మీద పోస్తే అంటిన గింజ పక్కకు పోతుంది. మెలిలోటస్ గింజ మాత్రం జల్లెడకు దొరకదు, సైజు దాదాపు ఒకటే.

టంగుటూరు పాడి | జనవరి 24

పది రోజులు పని మీద పడి రాయలేదు. కాయలు వచ్చాయి మాస్టారూ! పాకే మొక్కకు బఠాణీ గింజలో సగం సైజు కాయ, చుట్టలు చుట్టుకుని, చుట్టూ ముళ్లు. చొక్కా చేతికి వేసి లాగితే రెండు వచ్చి అంటుకున్నాయి. ఒకదాన్ని రెండు గోళ్లతో పట్టి మెల్లగా లాగాను. టైలరు దగ్గరుండే టేపు చుట్టలా సాగింది! నాలుగు చుట్లు. సాగదీస్తే చిటికెన వేలి కణుపంత పట్టీ, లోపల మూత్రపిండం ఆకారంలో గింజలు ఐదు.

గట్టు పక్కన ముందు పూసిన లూసర్న్‌కు కూడా రెండు కాయలు పట్టాయి. ముళ్లు లేవు. రెండు చుట్లు తిరిగి మధ్యలో సూది దూరేంత సందు ఉంది. వాసన మొక్క ఒకటి ఫొటో కోసం ఉంచాను, దాని కాయ చుట్టే లేదు, కొర్ర గింజంత గుండ్రం, పైన ముడతలు.

ఒంగోలు బోటనీ | జనవరి 24

ఇక అనుమానం లేదు. మొదటిది మెడికాగో సటైవా, రెండోది మెడికాగో పాలీమార్ఫా, మూడోది మెలిలోటస్ ఇండికస్. ఇండికస్ అని ఎందుకంటున్నానంటే, పువ్వు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంది. దాని అన్న మెలిలోటస్ అఫిసినాలిస్‌కు పువ్వు రెట్టింపు ఉంటుంది.

నీకు ఓపికుంటే ఇంకో పరీక్ష. లూసర్న్ పువ్వు విచ్చుకున్నది ఒకటి తీసుకుని, కింది రెండు రేకులు కలిసి పడవలా ఉన్న చోట సన్నటి గడ్డిపుల్లతో మెల్లగా నొక్కు. ఏమవుతుందో రాయి. మిగతా రెండింటికీ చెయ్యి.

టంగుటూరు పాడి | జనవరి 25

మాస్టారూ, పొద్దున పదింటికి ఎండ పడ్డాక చేశాను. లూసర్న్ పువ్వులో పుల్ల పెట్టగానే లోపలి కాడ ఎగిరొచ్చి పై రేకును టప్‌మని కొట్టింది. పుల్ల మీద పుప్పొడి పడింది. మళ్లీ లోపలికి పోలేదు, అలాగే నిలబడిపోయింది. మా అమ్మాయి పదిహేను పూలకు చేసింది, ఒక్కటి తప్ప అన్నీ కొట్టాయి. పాకే మొక్క పువ్వు చాలా చిన్నది, గుండుసూదితో చేస్తే అదీ చిన్నగా ఎగిరింది. వాసన మొక్క పువ్వు మాత్రం ఎగరలేదు, నొక్కితే వంగి, వదిలితే మామూలైంది.

ఒంగోలు బోటనీ | జనవరి 25

అదీ మెడికాగో గుర్తు! కాయ చుట్ట తిరగడమే గుర్తని చాలా కాలం అనుకున్నారు. 1987లో కెనడా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్మాల్, మరి ఇద్దరు కలిసి, ఇలా ఎగిరి కొట్టే పువ్వే అసలు గుర్తని చూపించారు. దాంతో అప్పటిదాకా మెంతి ప్రజాతిలో ఉన్న కొన్ని జాతుల్ని తీసి మెడికాగోలో కలిపారు. ఇప్పుడు మెడికాగోలో ఎనభైకి పైగా జాతులున్నాయి. తేనెటీగకు ఆ దెబ్బ తగులుతుంది, అందుకే అది పువ్వు పక్క నుంచి మూతి పెట్టి తేనె తాగి పోవడం నేర్చుకుంటుంది. అమెరికాలో లూసర్న్ విత్తనం పండించేవాళ్లు ఆకులు కత్తిరించే వేరే జాతి తేనెటీగల్ని పెంచేది అందుకే.

ఈ మొక్కలతో ఇన్నేళ్లు గడిపాను గాని గుండుసూదితో పాలీమార్ఫాను నేనెప్పుడూ ఎగరెయ్యలేదు. మీ అమ్మాయి ఏ తరగతి?

టంగుటూరు పాడి | జనవరి 25

తొమ్మిది, మాస్టారూ. ఇవాళ ఇంకోటి తెచ్చింది. పాకేవాటిలోనే ఒకటి తేడాగా ఉందట. పసుపు పూలు ఇరవై దాకా దగ్గరగా చిన్న గుండీలా కూడుకుని ఉన్నాయి. ఆకు చివర నూగంత మొన. కాయకు ముళ్లు లేవు.

ఒంగోలు బోటనీ | జనవరి 25

కాయ పండేదాకా ఒక్క మొక్కను ఉంచి, మిగతావి ఏరెయ్యి. పండినప్పుడు నల్లబడి, మూత్రపిండంలా వంగి, ఒక్కటే గింజ ఉంటే మెడికాగో లుపులినా. ముళ్లు లేవు గనక హాని తక్కువ. నల్లబడకపోతే మళ్లీ చూద్దాం. ఇప్పుడే పేరు రాసుకోవద్దు.

ఇక మడి సంగతి. ముళ్ల కాయలు పండి రాలకముందే పాకే మొక్కల్ని పూర్తిగా తీసెయ్యి, ఈ వారం దాటనివ్వకు. లూసర్న్‌ను నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో కొయ్యి. లూసర్న్ మళ్లీ మొదలు దగ్గర నుంచి చిగురిస్తుంది. మెలిలోటస్ కాండం మీది మొగ్గల నుంచే చిగురించాలి, కిందికి కోస్తే దానికి ఆ దారి ఉండదు.

కోవూరు మాగాణి | జనవరి 26

మిద్దెతోట అక్కా, మీ మెంతి కుండీ మట్టి కొంచెం ఇస్తారా? ఈ ఏడు లూసర్న్ మళ్లీ వేస్తా. కల్చర్ కూడా అడిగాను, ఇంకా రాలేదు.

నెల్లూరు మిద్దెతోట | జనవరి 26

ఇస్తాను తమ్ముడూ. నాలుగు కుండీల మెంతి కోసేశాను, వేళ్లు పీకకుండా ఉంచాను. ఒకటి పీకి బుడిపె గిల్లి చూశా, లోపల గులాబీ రంగే. ఎండ తగలకుండా తడిగోతంలో కట్టి పెడతా, ఆదివారం రండి.

టంగుటూరు పాడి | ఫిబ్రవరి 21

మాస్టారూ, రెండో కోత ఇవాళ అయింది. మడి నిండా లూసర్నే చిగురించింది. వాసన మొక్కలు మూడు కనపడితే పీకేశాను. ముళ్లవి పిల్ల మొక్కలు అక్కడక్కడా లేస్తున్నాయి, ఏరుతున్నాం. బర్రెలకు వరిగడ్డి ముందు పెట్టి పూటకు రెండు గంపలు వేస్తున్నా, ఉబ్బరం లేదు.

గుండీ పూలది మీరన్నట్టే బొగ్గులా నల్లబడింది. ఒక్కటే గింజ. మా అమ్మాయి నాలుగు రకాల కాయలు నాలుగు అగ్గిపెట్టెల్లో వేసి పైన పేర్లు రాసింది. నాలుగో పెట్టె మీద మాత్రం పేరు పెన్సిల్‌తో రాసింది, మీరు చూశాకే పెన్నుతో రాస్తుందట. బుధవారం ఒంగోలు వస్తున్నాం, మధ్యాహ్నం ఇంట్లో ఉంటారా?

ఒంగోలు బోటనీ | ఫిబ్రవరి 21

ఉంటాను. భూతద్దం తుడిచి పెడతాను, పెన్ను తెచ్చుకోమను.